మహిమ, శ్రమ, ప్రేమ

పాఠ్యభాగములు: యోహాను 13:30–38, 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయములు, 1 పేతురు 4:7–19



కోత కోసి పనలు పొలములో నుండగా అకాలవర్షము వచ్చి వరి మొలకలెత్తిన ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మనము తరచుగా వినెడి మాట ఒకటి కలదు. "ఆదివారము మానక గుడికి వచ్చుచున్నాము. ఉన్నంతలో కానుక వేయుచున్నాము. మాకే ఎందుకు వచ్చినది ఈ కష్టము?" ఈ ప్రశ్న అడుగుట పాపము కాదు. యోబు అడిగెను, హబక్కూకు అడిగెను, కీర్తనలు వ్రాసిన భక్తులు కన్నీళ్లతో అడిగిరి. అయితే ఈ ప్రశ్నకు మన గ్రామములలో రెండు తొందరపాటు జవాబులు వినబడుచుండును. మొదటిది, "నీలో ఏదో దాచిన పాపమున్నది, లేక నీ విశ్వాసము చాలలేదు" అనునది. రెండవది, "తలవ్రాత, భరింపక తప్పదు" అనునది. మొదటి జవాబు గాయముమీద కారము చల్లును. రెండవది చేతులు కట్టివేయును. ఈ రెండును మన ప్రభువు జవాబులు కావు.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా అని శిష్యులు అడిగిరి (యోహాను 9:1–3). ప్రభువు ఆ ఇద్దరిలో ఎవరిమీదను నేరము మోపలేదు. దేవుని క్రియలు ఆ మనుష్యునియందు కనబడవలెనని చెప్పెను. చెప్పి ఊరకుండలేదు. నేలమీద ఉమ్మివేసి, బురద చేసి, వాని కన్నులకు పూసి, కోనేటికి పంపెను. శిష్యులు "ఎవని వలన?" అని వెనుకకు చూచిరి, ప్రభువు "ఇప్పుడు ఇక్కడ దేవుని పని ఏది?" అని ముందుకు చూచెను. ఈ మాసపు పాఠములో మనము నేర్చుకొనవలసినది ఈ రెండవ చూపే. కష్టములో నున్నవాడు దేవుని మహిమకొరకు ఎట్లు బ్రదుకగలడు? వాని ప్రక్కనున్న సంఘము ఏమి చేయవలెను?

1. మహిమ యనగా నేమి?

మహిమ అనగానే మనకు వెలుగు, జనసందోహము, గొప్ప కట్టడము, మైకుల మ్రోత జ్ఞాపకమునకు వచ్చును. పాత నిబంధనలో మహిమకు వాడబడిన హెబ్రీ మాట "కాబోద్". దాని మూలములో బరువు అను భావమున్నది. ఇది రైతుబిడ్డలకు సులభముగా బోధపడును. కళ్లములో ధాన్యము తూర్పారబట్టునప్పుడు గాలి వచ్చువరకు గింజయు తాలును ఒక్కటిగానే కనబడును. గాలి వీచినప్పుడు తాలు ఎగిరిపోవును; బరువున్న గింజ కాళ్లయొద్దనే రాలును. దేవుడు బరువుగలవాడు, నిలుచువాడు. ఆయనను మహిమపరచుట యనగా మనము ఆయనకు బరువు చేర్చుట కాదు. మన జీవితములో గాలి వీచినప్పుడు, ఆయన నిలుచు దేవుడని చుట్టుప్రక్కలవారికి తెలియునట్లు బ్రదుకుట.

మోషే ఒకసారి దేవుని మహిమను చూపుమని వేడుకొనెను (నిర్గమ 33:18). దేవుడు ఏమి చూపెను? సీనాయి కొండమీది ఉరుములు మోషే మునుపే చూచెను. ఈసారి దేవుడు తన మంచితనమును అతని యెదుట దాటిపోనిచ్చి, తన నామమును ప్రకటించెను. కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృప, నమ్మకత్వము, దోషిని ఊరక విడువని న్యాయము, ఇవి ఆ నామములోని మాటలు (నిర్గమ 34:6–7). కాబట్టి దేవుని మహిమ ఆయన శక్తిలో మాత్రమే లేదు, ఆయన స్వభావములో నున్నది. కనికరము లేనిచోట ఎంత గొప్ప స్తోత్రగానము జరిగినను అక్కడ ఆయన మహిమ కనబడదు.

అపొస్తలుడైన పౌలు తన శ్రమలను తేలికవని చెప్పి, రాబోవు మహిమకు బరువున్నదని వ్రాసెను (2 కొరింథీ 4:17). ఆయన తేలికవన్నవి ఏవి? అయిదుసార్లు ఒకటి తక్కువ నలువది దెబ్బలు, మూడుమారులు బెత్తపు దెబ్బలు, ఒకమారు రాళ్లతో కొట్టబడుట, మూడుమారులు ఓడ పగులుట, ఆకలి, చలి, వస్త్రహీనత (2 కొరింథీ 11:24–27). ఇవి నిజముగా తేలికవి కావు. త్రాసు రెండవ తట్టలో నున్నది అంతకంటె బరువైనది గనుక అట్లు వ్రాసెను. నొప్పి లేదని నటించుట విశ్వాసము కాదు. నొప్పికంటె బరువైనది ఒకటి యున్నదని పట్టుకొనుటయే విశ్వాసము.

2. రాత్రివేళ చెప్పబడిన మాట

ఇప్పుడు యోహాను 13వ అధ్యాయము తెరిచి, 30వ వచనము నుండి నెమ్మదిగా చదువుడి. యూదా రొట్టెముక్క తీసికొని బయటికి వెళ్లెను. అప్పుడు రాత్రివేళ అని యోహాను ప్రత్యేకముగా వ్రాసెను. నమ్మకద్రోహి వెళ్లిపోయిన తలుపు ఇంకను కదలుచున్నట్లున్నది. ఆ క్షణమునందే ప్రభువు మహిమనుగూర్చి మాటలాడెను. మనుష్యకుమారుడు మహిమపరచబడియున్నాడని, ఆయనయందు దేవుడును మహిమపరచబడియున్నాడని చెప్పెను. మనమైతే, యూదా వెళ్లిపోయినప్పుడు అంతయు పాడైపోయినదని చెప్పియుందుము. లాజరు లేచిన దినమున మహిమ అనినయెడల మనకు అర్థమగును. ద్రోహము జరిగిన రాత్రి మహిమ ఎట్లు?

మరి రెండు వచనములు ముందుకు వెళ్లుడి. వెంటనే ఆయన క్రొత్త ఆజ్ఞ ఇచ్చెను: తాను ప్రేమించిన రీతిగా వారు ఒకరినొకరు ప్రేమింపవలెను. ఆ ప్రేమను చూచియే వారు తన శిష్యులని లోకము తెలిసికొనునని చెప్పెను. ఆ వెనుక 38వ వచనములో పేతురు మూడుమారులు తనను ఎరుగననునని ముందుగా తెలియజేసెను.

ప్రియులారా, ఈ వరుస గమనింపదగినది. ఒక ప్రక్క యూదా ద్రోహము, మరియొక ప్రక్క పేతురు బొంకు. నడుమ మహిమయు ప్రేమయు ఉన్నవి. ప్రభువు ఈ మూటిని విడదీయలేదు. శ్రమ తొలగిన తరువాత మహిమ వచ్చుననియు, తీరిక దొరికినప్పుడు ప్రేమించుడనియు ఆయన చెప్పలేదు. శ్రమ నడిమధ్య ప్రేమ నిలిచినయెడల, ఆ చోటనే దేవుని మహిమ కనబడునని తన సిలువచేత చూపెను. అప్పు తీరిన తరువాత, బిడ్డ పెండ్లి అయిన తరువాత దేవునికొరకు బ్రదికెదమని వాయిదా వేయువారికి ఈ అధ్యాయము ఒక హెచ్చరిక. యేసుప్రభువు తన శిష్యుల పాదములు కడిగినది తీరిక దినమున కాదు, పట్టబడిన రాత్రియే.

3. బీదలు బీదలకు పెట్టిన ముద్ద

ఆది సంఘములో ఈ పాఠము ఎట్లు నెరవేరెనో చూతము. క్లౌదియ చక్రవర్తి (క్రీ. శ. 41–54) కాలమున కరవు వచ్చునని అగబు అను ప్రవక్త ముందుగా చెప్పెను. అంతియొకయలోని విశ్వాసులు ఎవని శక్తికొలది వాడు యూదయలోని సహోదరులకు సహాయము పంపిరి (అపొ. కార్య. 11:27–30). ఆ కరవునుగూర్చి యూదుల చరిత్రకారుడైన జోసీఫసు కూడ వ్రాసెను. అదియాబేను రాణి హెలేనా ఐగుప్తులోని అలెక్సంద్రియ నుండి ధాన్యమును, కుప్ర ద్వీపము నుండి అంజూరపు పండ్లను కొనితెప్పించి యెరూషలేములో పంచిపెట్టెనని అతడు తెలిపెను. యెరూషలేము సంఘములోని బీదతనము అటుతరువాత కూడ తీరలేదు. అందువలన పౌలు గలతియ, మాసిదోనియ, అకయ సంఘములలో వారికొరకు చందా పోగుచేసెను (1 కొరింథీ 16:1, రోమా 15:26).

2 కొరింథీయులకు 8వ అధ్యాయములో మాసిదోనియవారినిగూర్చి పౌలు వ్రాసినది అద్భుతమైనది. వారు గొప్ప శ్రమచేత పరీక్షింపబడుచుండిరి, నిరుపేదలుగా నుండిరి. అయినను వారి సంతోషము పొంగి దాతృత్వముగా ప్రవహించెను. ఈ పరిచర్యలో తమకును పాలు ఇమ్మని వారే పౌలును బ్రతిమాలుకొనిరి. ఇచ్చువాడు బ్రతిమాలుకొనుట ఎక్కడనైనను చూచితిరా? మొదట తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొనిరని పౌలు దాని రహస్యమును చెప్పెను (8:5).

ఇంకొక సంగతి మరువరాదు. యెరూషలేములో నున్నవారు యూదులు. మాసిదోనియలో పెక్కుమంది అన్యజనులలోనుండి వచ్చినవారు. వీరిరువురు కలిసి ఒక పంక్తిని భోజనము చేయవచ్చునా యని అంతియొకయలో గొడవ జరిగినది, పేతురే వెనుకకు తగ్గినాడు (గలతీ 2:11–13). అట్టి గోడను దాటి ఈ ముద్ద వెళ్లెను. దాని ఫలితమేమి? ఆకలి తీరుట ఒకటే కాదు, పుచ్చుకొన్నవారు దేవుని మహిమపరచుదురని పౌలు వ్రాసెను (9:12–13). ఇచ్చినవాని పేరు కాదు, దేవుని నామము కొనియాడబడును.

ఈ డబ్బు మోసికొనిపోవుటకు పౌలు ఒంటరిగా బయలుదేరలేదు. సంఘములు ఏర్పరచిన నమ్మకస్థులను తోడు పెట్టుకొని, మనుష్యుల దృష్టికిని నింద లేకుండ జాగ్రత్తపడెను (8:18–21). ప్రేమకు లెక్కల పుస్తకము అడ్డము కాదు. లెక్క చెప్పుటయు ప్రేమలో ఒక భాగమే.

4. మన తెలుగునాట జరిగిన సంగతి

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. ఒంగోలు సీమలో జరిగిన దానిని మన బిడ్డలకు చెప్పవలెను.

1853లో అమెరికాలోని బాప్తిస్టు మిషనరీ సమాజము, తెలుగువారి మధ్య ఫలము కనబడనందున ఈ పనిని మానివేయుదమా యని చర్చించెను; మానకూడదని తీర్మానించెను. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండమీద అయిదుగురు మోకాళ్లూనిరి. వారు లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఆ కొండకు ప్రార్థన కొండయని పేరు నిలిచినది. మరి పండ్రెండు సంవత్సరములు గడచినవి. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో నివాసమేర్పరచుకొనిరి. తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు ఆ సంవత్సరమే బాప్తిస్మము పొంది, తనవారియొద్దకు పోయి సువార్త చెప్పెను. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము స్థాపింపబడెను.

నమ్మినవారికి సుఖము కలిగినదా? లేదు. ఆదివారము పని చేయమనియు, విగ్రహముల యెదుట డప్పు కొట్టమనియు, చచ్చిన పశువు మాంసము తినమనియు ఆ బీదలు నిశ్చయించుకొనగా, ఊరి పెద్దలకు కోపము వచ్చెను. అనేక గ్రామములలో వారికి హింసలు కలిగినవి. వారు ఊరికి దాసులుగా ఎంచబడినవారు, భూమి లేనివారు. అయినను వారు వెనుకకు తిరుగలేదు.

అంతలో 1876లో వానలు తప్పినవి. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో మహా క్షామము వ్యాపించి, లక్షలకొలది ప్రజలు ఆకలిచేతను, దాని వెంట వచ్చిన రోగములచేతను చనిపోయిరి. మన పెద్దలు దానిని ధాత కరవని చెప్పుకొనిరి. ఆ దినములలో ప్రభుత్వము కరవు పనిగా సముద్రతీరము వెంబడి బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు పూర్వము సర్వే పని నేర్చినవారు గనుక అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. కూలివారిలో క్రైస్తవులు మాత్రమే కాదు, నానా కులములవారును ఉండిరి. ఆయనతోనున్న తెలుగు బోధకులు పగలు పనికి మేస్త్రీలుగా నిలిచి, పని ఆగినప్పుడు అలసినవారి ప్రక్కన కూర్చుండి దేవుని ప్రేమను చెప్పిరి.

ఇప్పుడు గమనింపుడి. బాప్తిస్మము అడుగువారు అనేకులు వచ్చిరి. అయితే ఆ కరవు కాలమందు క్లౌ దొరగారు బాప్తిస్మములు ఇచ్చుట మానిరి. అన్నముకొరకు ఎవడును క్రీస్తు నామము ధరింపకూడదనియు, క్రీస్తు నామము ధరింపలేదని ఎవనికిని అన్నము తప్పకూడదనియు ఇందువలన స్పష్టమైనది. కూలి పని ముగిసి, పంచుటకు ఏమియు లేని దినములు వచ్చినవి. అప్పుడు జనులు మానుకొనిరా? మానలేదు. 1878 జూలై 3వ తేదిన ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లియొద్ద ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి వారికి బాప్తిస్మమిచ్చిరి.

క్రైస్తవులు గంజికి మతము మార్చినవారని నేటికిని కొందరు ఎగతాళి చేయుదురు. దానికి మనము కోపముతో జవాబు చెప్పనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన సంగతిని శాంతముగా చెప్పవచ్చును. అయితే ఆ జవాబు నిలువవలెనన్న, నేడు మనము చేయు సహాయము కూడ అట్టిదై యుండవలెను. ప్రేమకు వల కట్టి చేపలవలె మనుష్యులను పట్టదలచినయెడల, అది దేవుని మహిమ కాదు, మన లెక్కల మహిమ.

5. కష్టమంతయు సిలువ కాదు

ఈ చోట ఒక వివేకము అవసరము. మనకు వచ్చు ప్రతి కష్టమును "నా సిలువ" అని పేరు పెట్టరాదు. అపొస్తలుడైన పేతురు దీనిని విడమర్చి చెప్పెను (1 పేతురు 4:15–16). నరహంతకుడుగా, దొంగగా, దుర్మార్గుడుగా, పరుల జోలికి పోవువాడుగా బాధపడుట వేరు. క్రైస్తవుడైనందుకు బాధపడుట వేరు. మనమైతే కష్టములను నాలుగు విధములుగా చూచుట మేలు.

మొదటిది, మన చేతులార తెచ్చుకొన్నది. త్రాగుడువలన పోయిన పొలము, పరువుకొరకు అప్పు చేసి జరిపిన ఆడంబరపు పెండ్లి, నోటి దురుసువలన వచ్చిన కోర్టు వ్యాజ్యము ఇట్టివి. ఇక్కడ దేవుని మహిమ మారుమనస్సులో నున్నది. ఆకాను పట్టుబడినప్పుడు, నిజము ఒప్పుకొని దేవునికి మహిమ చెల్లించుమని యెహోషువ అతనికి చెప్పెను (యెహోషువ 7:19).

రెండవది, అందరికిని వచ్చునది. అనావృష్టి, తుపాను, జ్వరము విశ్వాసిని విడిచి పోవు. తిమోతికి తరచుగా జబ్బు చేయుచుండెను. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైనంతగా రోగియాయెను. పౌలు వెంట వైద్యుడైన లూకా ఉండెను. కాబట్టి ప్రార్థన చేయుడి, ఆసుపత్రికి కూడ వెళ్లుడి. మందు మ్రింగుట అవిశ్వాసమని చెప్పి రోగిని ఇంట నుంచుకొనుట దేవుని మహిమపరచుట కాదు.

మూడవది, ఇతరుల అన్యాయమువలన వచ్చునది. కూలి ఎగగొట్టుట, హద్దురాయి జరుపుట, ఇంటిలో భార్యను కొట్టుట ఇట్టివి. "ఓర్చుకొనుము, అది నీ సిలువ" అని బాధపడువారితో చెప్పి పంపివేయరాదు. విచారణ లేక తన్ను బెత్తములతో కొట్టించిన ఫిలిప్పీ అధికారులను పౌలు ఊరకనే విడువలేదు, తాను రోమా పౌరుడనని చెప్పి వారే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను (అపొ. కార్య. 16:37). పగ తీర్చుకొనుట వేరు, న్యాయమడుగుట వేరు. దోషిని ఊరక విడువకుండుట దేవుని నామములోని మాటయే గదా!

నాలుగవది, క్రీస్తు నామమునుబట్టి వచ్చునది. నమ్మినందుకు ఇంటివారు వెలివేయుట, ఎగతాళి చేయుట, పని ఇయ్యకుండుట ఇట్టివి. వీటినిగూర్చియే పేతురు సిగ్గుపడవద్దని వ్రాసెను. ఇట్టివారిని ఒంటరిగా విడుచుట సంఘమునకు సిగ్గు.

ఈ నాలుగింటిలోను ఒక్కటి మాత్రము మారదు. కష్టము ఏ దారిని వచ్చినను, ప్రేమ అక్కడికి పోవలసినదే. తన తప్పువలన పడినవానిని సయితము సాత్వికమైన మనస్సుతో లేవనెత్తుమని గలతీ 6:1 బోధించుచున్నది.

6. మన సంఘములో చేయదగినవి

మాటలతో కడుపు నిండదని యాకోబు ఎప్పుడో చెప్పినాడు (యాకోబు 2:15–16). కావున కొన్ని చిన్న పనులు మీ ముందుంచుచున్నాము.

పిడికెడు బియ్యము. మన తల్లులు ఎసట్లో బియ్యము పోయకముందు ఒక పిడికెడు వేరుగా తీసి దేవునికొరకు దాచుట మన సంఘములలో పాత అలవాటు. ప్రతి ఆదివారము కొంత ప్రత్యేకించుమన్న పౌలు బోధకు (1 కొరింథీ 16:2) ఇది సరిపోవును. ఒక పిడికెడు సుమారు 50 గ్రాములనుకొందము. దినమునకొకసారి తీసినయెడల నెలకు కిలోన్నర యగును. నలువది ఇండ్లున్న చిన్న సంఘములో నెలకు 60 కిలోలు. దానితో ఇద్దరు ముగ్గురు దిక్కులేని విధవరాండ్రకు నెల గడచును. ఇచ్చిన ఇంటికి బరువు తెలియదు. పుచ్చుకొన్న ఇంటికి ఆకలి తెలియదు. పోగైనదియు పంచినదియు ఆరాధనలో చదివి వినిపింపుడి.

వడ్డీ విషయము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చిన కూలివాడు నెలకు మూడువందలు, ఏటికి 3,600 రూపాయలు చెల్లించును. అసలు మాత్రము అట్లే నిలుచును. బీదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డీ కట్టవద్దని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (నిర్గమ 22:25). మన సంఘములో చేయి ఆడువారు, ఆసుపత్రికో విత్తనమునకో సాటి విశ్వాసికి వడ్డీ లేక బదులియ్యగలిగినయెడల, అది నూరు సాక్ష్యములతో సమానము.

పేటల గోడ. ఒకే ఊరిలో, ఒకే ప్రభువును కొలుచు రెండు పేటలవారు రెండు గుడులలో కూడుకొని, పెండ్లికిని చావునకును ఒకరి గడప ఒకరు త్రొక్కని స్థలములు ఇంకను కలవు. మనము ఒకరినొకరము ప్రేమించుటను చూచి లోకము తెలిసికొనునని ప్రభువు చెప్పగా, మన ఊరివారు ఏమి చూచుచున్నారు? యూదులకును మాసిదోనీయులకును మధ్యనున్న గోడను ఒక చందా సంచి దాటినది. మన వీధిని ఒక గిన్నెడు కూర దాటలేదా? ఈ నెల ప్రభువు బల్లకు ముందు, మాటలు లేని ఇంటికి ఎవరైన ఒకరు మొదట వెళ్లుడి. అట్లు వెళ్లినవాడు ఓడిపోయినవాడు కాడు.

సంఘము వెలుపలివారు. విశ్వాస గృహమునకు చేరినవారికి విశేషముగాను, అందరికిని మేలు చేయవలెను (గలతీ 6:10). పొరుగింటి గడ్డివాము కాలినప్పుడు, ఊరిలో విషజ్వరము వచ్చినప్పుడు, వారు మన ప్రార్థనకు వత్తురా యని చూడక వెళ్లుడి. కాలువ గట్టున కూలి పంచినప్పుడు ఎవరి కులము ఏదియో చూడలేదు.

కష్టములో నున్నవారికి ఒక మాట. ప్రియులారా, ఇయ్యుటకు మీయొద్ద ఏమియు లేదనుకొనవలదు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలయొద్ద కాసు లేదు. వారి వీపులమీద గాయములు, కాళ్లకు బొండ. మధ్యరాత్రివేళ వారు పాడుచుండగా ఖైదీలు వినుచుండిరి. తలుపులు తెరువబడినప్పుడు వారు పారిపోక, చావబోయిన చెరసాల నాయకుని కేకవేసి ఆపిరి. తమ్మును బంధించినవాని ప్రాణమును కాపాడిరి. ఆ రాత్రియే అతడు వారి గాయములు కడిగెను (అపొ. కార్య. 16:25–33). అదే ఫిలిప్పీ తరువాత మాసిదోనియలోని దానశీలమైన సంఘములలో ఒకటియాయెను. మంచముమీద నున్నవారు సంఘమంతటికొరకు ప్రార్థింపగలరు. పంట పోయినవాడు, పంట పోయిన మరియొకని ప్రక్కన మౌనముగా కూర్చుండగలడు. అట్టివాని ఓదార్పునకున్న బరువు మా వ్యాసమునకు లేదు.

7. నేర్చుకొన్న పేతురు

ప్రాణమైనను పెట్టుదునని ఆ రాత్రి పలికిన పేతురు, కోడి కూయకముందే బొంకెను. అయితే తిబెరియ సముద్రతీరమున ప్రభువు అతనిని మూడుమారులు అడిగినది ధైర్యమునుగూర్చి కాదు, ప్రేమనుగూర్చి. ప్రతి మారును తన గొఱ్ఱెలను అప్పగించెను. అటుపిమ్మట, అతడు ఎట్టి మరణమువలన దేవుని మహిమపరచునో సూచించెను (యోహాను 21:15–19).

ఈ పేతురే ముసలివాడైన తరువాత చెదరిపోయి శ్రమపడుచున్న విశ్వాసులకు ఉత్తరము వ్రాసెను. నాలుగవ అధ్యాయము 8వ వచనములో ప్రేమ, 11వ వచనములో దేవుని మహిమ, 12వ వచనము నుండి శ్రమ ఉన్నవి. ఆ రాత్రి మేడగదిలో విని అర్థము చేసికొనలేని పాఠమును, అతడు జీవితమంతయు నేర్చుకొని మనకు అప్పగించెను. అందుచేత నేడు అర్థము కాలేదని ఎవరును నిరాశపడవద్దు. ప్రభువు ఓర్పుగల గురువు.

గాలి ఎప్పుడు వీచునో మన చేతిలో లేదు. వీచినప్పుడు మన యింటిలోను మన సంఘములోను గింజ నిలుచునట్లు, ఈ దినముననే ఒకరినొకరము పట్టుకొందము.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోహాను 13:30–38లో శ్రమ, మహిమ, ప్రేమ అను మూడును ఏ వచనములలో కనబడుచున్నవి? ఒకదానిని తీసివేసినయెడల మిగిలినవి ఏమగును?

2. మాసిదోనియవారు ఇచ్చుటకు ముందు ఏమి చేసిరి? మన కానుకలలో ఆ మొదటి పని ఉన్నదా?

3. పైన చెప్పిన నాలుగు విధములలో మన సంఘములోని కుటుంబములు నేడు పడుచున్న కష్టములు ఏవి? ఒక్కొక్కదానికి మనము చేయదగినదేమి?

4. మన ఊరివారు మన ప్రేమను చూచి క్రీస్తు శిష్యులమని గుర్తింపగలరా? గుర్తింపలేనియెడల అడ్డమైనదేది?

ప్రార్థన

కరుణామయుడవైన తండ్రీ, ద్రోహపు రాత్రియందు ప్రేమించిన నీ కుమారునిబట్టి నీకు స్తోత్రము. పంట పోయిన ఇండ్లను, అప్పులలో నలిగిన కుటుంబములను, రోగులను, నీ నామమునుబట్టి వెలివేయబడినవారిని నీ చేతులకు అప్పగించుచున్నాము. వారియొద్దకు పంపబడిన నీ చేతులు మేమే యని మాకు తెలియజేయుము. మా మధ్యనున్న గోడలను కూలద్రోయుము. మా బీదతనములోనుండి ఇచ్చుటకు, అన్యాయమును న్యాయముతో ఎదుర్కొనుటకు, నీ నామమునకు మహిమ కలుగునట్లు బ్రదుకుటకు మాకు కృప దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.